పళ్లకు క్లిప్పులున్నవాళ్లు చలికాలం గడపడం ఎలా

"చలికి తీగ బిగుసుకుపోయి పళ్లు లాగేస్తున్నాయి." డిసెంబరు రాగానే క్లిప్పులు వేయించుకున్నవాళ్ల నోట ఈ మాట వినిపిస్తుంది. ఇనుము చలికి ముడుచుకుంటుందని బడిలో చదువుకున్నాం కాబట్టి నమ్మేలాగే ఉంటుంది. జరిగేది మాత్రం దాదాపు తలకిందులు. చికిత్స మొదట్లో చాలామందికి వేసే తీగ నికెల్, టైటానియం కలిసిన లోహం. ఇందులో వేడికి స్పందించే రకం చల్లబడితే మెత్తబడుతుంది, నోటి వేడికి మళ్లీ గట్టిపడి పన్నును తన దారికి లాగుతుంది. అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో పుట్టిన ఈ లోహాన్ని 1970ల మొదట్లో అయోవా యూనివర్సిటీకి చెందిన జార్జ్ ఆండ్రియాసన్ పళ్ల చికిత్సలోకి తెచ్చారు. తర్వాతి నెలల్లో వేసే స్టీలు తీగకైతే ఈ గుణమే లేదు. పైగా నోరు మూసుకుని ఉన్నంతసేపూ లోపల ఒంటి వేడే ఉంటుంది, లంబసింగిలో ఉన్నా లక్డీకాపూల్‌లో ఉన్నా.

మరి చలికాలంలో బాధ ఎక్కువ ఎందుకు? పెదవులు, నోరు ఎండిపోతాయి. చల్లగాలి, ఆ వెంటనే పొగలు కక్కే టీ పళ్లను జివ్వుమనిపిస్తాయి. ఇక మూడోది సంక్రాంతి. ఈ మూడింటినీ దారిలో పెట్టుకుంటే క్లిప్పులతో చలికాలం ఎండాకాలం కన్నా పెద్ద తేడా ఏమీ ఉండదు.

1. చలి ముదరకముందే చేసిపెట్టుకోవాల్సినవి

ముందు క్యాలెండర్ తీయండి. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలకోసారి టైట్ చేయించుకోవడానికి వెళ్తాం. టైట్ చేసిన కొన్ని గంటలకు నొప్పి మొదలై, మర్నాడు ఎక్కువై, మూడు నాలుగు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. కొందరికి వారం పడుతుంది. మీ తేదీ భోగికి ముందురోజు పడిందంటే పండగ మూడు రోజులూ పెరుగన్నమే గతి. అందుకని సంక్రాంతికి కనీసం వారం ముందే అపాయింట్‌మెంట్ ఉండేలా నవంబరులోనే క్లినిక్‌కు ఫోన్ చేసి మార్పించుకోండి. పండగ రోజుల్లో చాలా క్లినిక్‌లు మూసి ఉంటాయి. ఊరెళ్లే జనమంతా అంతకుముందే వచ్చి పడతారు కాబట్టి ఆలస్యం చేస్తే దొరకదు.

పళ్లు జివ్వుమనే గుణం ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగి పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టుకు ఇప్పుడే మారండి. సెన్సోడైన్ లాంటి పేస్టులు ఈ పనికే ఉన్నాయి. ఇవి రాసిన వెంటనే పనిచేసేవి కావు, రెండు వారాలైనా క్రమం తప్పక వాడితేనే తేడా తెలుస్తుంది. కొనేటప్పుడు అందులో ఫ్లోరైడ్ కూడా ఉందో లేదో పెట్టె మీద చూసుకోండి.

ఒక్కో పన్నుకు అతికించి తీగను పట్టి ఉంచే బ్రాకెట్ల చుట్టూ వేసే చిన్న రంగు రబ్బర్ల సంగతి కూడా ఈ విజిట్‌లోనే తేల్చుకోవాలి. చలికాలంలో మనిళ్లల్లో పసుపు పాలు తాగకుండా ఎవర్నీ వదలరు. తెల్లవీ, పారదర్శకమైనవీ వేయించుకుంటే రెండు మూడు రోజుల్లో ఆవకాయ జాడీ మూతలా పచ్చగా అవుతాయి. బూడిద రంగో ముదురు నీలమో అడగండి. పసుపు అంటినా పెద్దగా కనిపించదు. పసుపు పాలు మానాల్సిన పని లేదు.

2. పెదవులు: అసలు బాధ ఇక్కడే

బ్రాకెట్లు పళ్ల ముందు ఎత్తుగా ఉండటం వల్ల చాలామందికి పెదవులు పూర్తిగా మూతపడవు. పొడిగాలి తగిలి పెదవి ఎండుతుంది, ఎండిన పెదవి లోపలివైపు బ్రాకెట్‌కు అతుక్కుంటుంది, నవ్వగానే చర్మం లేస్తుంది. అప్పుడు చేతులారా చేసే తప్పు ఒకటుంది: నాలుకతో తడపడం. ఉమ్మి ఆరిపోతూ ఉన్న తేమను కూడా పట్టుకుపోతుంది. పిల్లలకు ఇది చెప్పినా వినరు కాబట్టి జేబులో చిన్న వాజిలిన్ డబ్బా పెట్టి పంపండి. పెదవి తడపాలనిపించినప్పుడల్లా అది రాసుకోమనండి.

రాయడానికి పెట్రోలియం జెల్లీ చాలు. ఇంట్లో నెయ్యి, వెన్న ఉంటే అవీ పనికొస్తాయి. పుదీనా, కర్పూరం వాసనలతో చల్లగా చురుక్కుమనిపించే లిప్ బామ్‌లు పగిలిన పెదవిని ఇంకా మండిస్తాయి. స్ట్రాబెర్రీ రుచి ఉన్నవి మళ్లీ నాకేందుకే ఆశ పుట్టిస్తాయి. పొద్దున మొహం కడిగాక, బయటికి వెళ్లే ముందు, రాత్రి పడుకోబోయే ముందు, ఈ మూడు వేళలూ తప్పనిసరి. రాత్రి రాసేటప్పుడు కాస్త మందంగా, పెదవుల మూలల దాకా రాయండి.

పళ్లకు పైనుంచి కిందికి లాగి తగిలించే రబ్బర్లు వాడేవాళ్లు ముందు చేతులు కడుక్కుని రబ్బర్లు పెట్టుకుని, ఆ తర్వాతే పెదవులకు జెల్లీ రాసుకోవాలి. అవి ఎక్కువగా లేటెక్స్ అనే సహజ రబ్బరుతో చేసినవి. జిడ్డు తగిలితే లేటెక్స్ బలం పోయి ఊరికే తెగుతుంది.

క్లినిక్‌కు వెళ్లే రోజున ఇంకో జాగ్రత్త. కుర్చీలో కూర్చోగానే పెదవులను పక్కలకు లాగి పట్టే ప్లాస్టిక్ పరికరం పెడతారు. ఎండిన పెదవులతో వెళ్తే మూలలు చిట్లి రక్తం వస్తుంది. ముందే వాజిలిన్ రాసుకుని వెళ్లండి. మర్చిపోతే కుర్చీలో కూర్చున్నాక అడగండి, అక్కడ ఉంటుంది. అడగడానికి మొహమాటపడి వారం రోజులు నోరు తెరవలేక బాధపడేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

రెండు మూలల్లోనూ ఎర్రగా చీలి, తెల్లటి పొర కట్టి, పది రోజులైనా మానకపోతే అది చలి పగుళ్లు కాకపోవచ్చు. ఫంగస్ చేరినా, ఒంట్లో ఇనుము, బి విటమిన్లు తక్కువైనా అలాగే అవుతుంది. డాక్టర్‌కు చూపించాలి.

3. నోటి లోపలి పుండ్లు, మైనం

బుగ్గ లోపల బ్రాకెట్ ఒరుసుకుని పుండు పడటం ఏ కాలంలోనైనా ఉంటుంది. నోరు ఎండినప్పుడు ఇంకా తొందరగా పడుతుంది, ఎందుకంటే బుగ్గకూ లోహానికీ మధ్య జారుడుగా ఉండేది ఉమ్మే. బ్రాకెట్ ఒరుసుకోకుండా దాని మీద అద్దుకోవడానికి క్లినిక్‌లో ఇచ్చిన మైనం చలికి గట్టిపడి, పెట్టగానే ఊడి వస్తుంది. అది పాడైందనుకుని పారేయకండి. గోరంత తీసుకుని వేళ్ల మధ్య మెత్తబడేదాకా నలపండి. బ్రాకెట్‌ను టిష్యూతోనో శుభ్రమైన గుడ్డతోనో తడి లేకుండా తుడిచి, మైనాన్ని వేలితో అదమండి. తడి మీద మైనం నిలవదు. అన్నం తినే ముందు తీసేయండి. పొరపాటున కాస్త మింగినా భయం లేదు.

గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు కలిపి రోజుకు మూడు నాలుగు సార్లు పుక్కిలించండి. గొంతు గరగరకు మనం ఎలాగూ చేసే పనే కదా, పుండుకు కూడా అదే మందు. మౌత్‌వాష్ వాడే అలవాటుంటే ఆల్కహాల్ లేని రకం తీసుకోండి. ఆల్కహాల్ ఉన్నది పుండును మండిస్తుంది, నోటిని ఎండబెడుతుంది. రెండు వారాలు దాటినా మానని పుండును తప్పక చూపించండి.

4. పొద్దున్నే బ్రష్ చేయడం

చలికాలంలో బ్రషింగ్ ఎగ్గొట్టడానికి కారణం బద్ధకం కాదు, నీళ్లు. రాత్రంతా మేడ మీద ట్యాంకులో చల్లారిన నీళ్లు నోట్లో పోసుకుంటే క్లిప్పులు లేనివాళ్లకే ప్రాణం పోతుంది. బోరు నీళ్లయితే పొద్దున పూట వెచ్చగానే వస్తాయి, మోటారు వేసినప్పుడు ఓ చెంబు పట్టుకుంటే చాలు. లేకపోతే స్నానానికి కాచిన నీళ్లలో చల్లనివి కలిపి గోరువెచ్చగా చేసుకోండి. బ్రష్‌ను కూడా ఆ నీళ్లలో ఓసారి ముంచితే కుచ్చు మెత్తబడి చిగుళ్లకు గుచ్చుకోదు.

బ్రాకెట్ పైభాగం ఓసారి, కిందిభాగం ఓసారి, మధ్యలో, సందుల్లో దూరే చిన్న బుడ్డి బ్రష్‌తో తీగ కింద. ఇదేమీ చలికాలపు ప్రత్యేకత కాదు, కానీ చలికి పుక్కిలించి ఉమ్మేసి పరిగెత్తే రోజులు పెరిగితే బ్రాకెట్ చుట్టూ తెల్లటి మచ్చలు మిగులుతాయి. క్లిప్పులు తీశాక అందరికీ కనిపించేవి అవే.

5. బయట గాలి, లోపల టీ

బైకు మీద తెల్లవారి వెళ్లేవాళ్లు స్కార్ఫ్ ముక్కు మీది నుంచి గడ్డం దాకా చుట్టుకోండి. నోటితో గాలి పీల్చకుండా ఉంటే సగం సమస్య తీరినట్టే. హెల్మెట్ అద్దం దించుకోవాలని వేరే చెప్పనక్కర్లేదు. వాకింగ్‌కు వెళ్లేవాళ్లకు, ఆదిలాబాద్, అరకు వైపు ఉన్నవాళ్లకు మరీ ముఖ్యం.

బయటి నుంచి రాగానే పొగలు కక్కే టీ నోట్లో పోసుకోకండి. చల్లబడ్డ పన్నుకు ఒక్కసారిగా వేడి తగలడమే జివ్వుమనడానికి పెద్ద కారణం. ఓ రెండు నిమిషాలు నోరు మూసుకుని కూర్చోండి, టీ ఆలోపు తాగే వేడికి వస్తుంది. ఒకే పన్ను పదే పదే జివ్వుమంటూ, వేడి తీసేశాక కూడా నిమిషాల తరబడి గుంజుతుంటే అది చలి పని కాదు. పిప్పి ఉందేమో చూడాలి.

6. జలుబు చేస్తే

ముక్కు మూసుకుపోతే నోటితోనే ఊపిరి, దాంతో నోరంతా ఎండిపోవడం. రాత్రి పడుకునే ముందు ఆవిరి పట్టండి (పిల్లలకైతే పక్కనే పెద్దలుండాలి, మరిగే నీళ్ల గిన్నె వాళ్ల ఒళ్లో పెట్టొద్దు). మంచం పక్కన నీళ్ల సీసా ఉంచుకోండి. జలుబు మాత్రల్లో చాలావాటికి నోటిని ఎండబెట్టే గుణం ఉంది, అవి వేసుకున్న రోజుల్లో దాహం వేయకపోయినా గుటక గుటకగా నీళ్లు తాగాలి. దగ్గు సిరప్ తియ్యగా ఉంటుంది, తాగాక నోరు పుక్కిలించండి.

గొంతు గరగరకు బుగ్గన కరక్కాయ ముక్కో, మిరియాలో, పటికబెల్లమో పెట్టుకోమంటారు ఇంట్లో అమ్మమ్మలు. చప్పరిస్తే బ్రాకెట్‌కు ఇబ్బంది లేదు, కొరికితే ఊడుతుంది. దగ్గు బిళ్లలకూ ఇదే మాట. నిద్రలోకి జారుకుంటూ పటపటా కొరికే అలవాటున్నవాళ్లు వాటి జోలికే వెళ్లకండి, మిరియాల కషాయం తాగండి.

ఇంకోటి. పై దవడలో వెనక పళ్ల వేర్లు సైనస్ గదికి, అంటే ముక్కు పక్కన ఎముకలో ఉండే గాలి గదికి, దగ్గరగా ఉంటాయి. జలుబు గడ్డకట్టినప్పుడు పైన వెనకాల నాలుగైదు పళ్లు కలిసి బరువుగా నొప్పెడతాయి, కిందికి వంగితే ఇంకా పెరుగుతుంది. దాన్ని తీగ మీదకు తోసి, వదులు చేయమని క్లినిక్‌కు పరిగెత్తేవాళ్లున్నారు. జలుబు తగ్గేదాకా ఆగి చూడండి.

7. వంటింట్లో

ఈ కాలంలో తినగలిగేవే ఎక్కువ, ఆ మాట ముందే చెప్పాలి. ధనుర్మాసం నెలంతా గుళ్లలో పెట్టే ప్రసాదాలు చూడండి: కట్టె పొంగలి, చక్కెర పొంగలి, దద్ధ్యోజనం. అన్నీ మెత్తనివే. కట్టె పొంగలిలో గింజ మిరియాలు ఏరేసుకుంటే చాలు. రాగి జావ, రాగి సంగటి, ఉడికించిన చిలగడదుంప, తెలంగాణలో కందగడ్డ అనేది కూడా అదే, మెత్తగా ఉడికిన అనపగింజలు, పచ్చి బఠాణీ కూర, వేడి ఇడ్లీ. మునక్కాడ చారు మానక్కర్లేదు, కాడను చీల్చి గుజ్జు చెంచాతో గీరుకోండి. జొన్నరొట్టె పెనం మీది నుంచి దించగానే తినాలి. ఆరి బిరుసెక్కాక అయితే పప్పులో ముంచి నానబెట్టుకోవాలి.

చెరకు మాత్రం లేదు. పళ్లతో చీల్చడం కాదు, ముక్కలుగా కోసి నమలడం కూడా వద్దు. రసం తాగి సరిపెట్టుకోండి. తేగలు కూడా ఈ కాలంలోనే వస్తాయి, ఉడికినవి మెత్తగానే ఉన్నా పీచు తీగ చుట్టూ చుట్టుకుపోయి అరగంట అద్దం ముందు నిలబెడుతుంది. మధ్యలో పీచు తీసేసి చిన్న ముక్కలు చేసుకుంటే తినొచ్చు, ఓపిక ఉంటే. రేగుపళ్లలో గింజ ఉందని మర్చిపోయి కొరికేస్తాం కాబట్టి, గుజ్జు వేళ్లతో విడదీసుకోండి. జామకాయ దోరదైతే సన్నగా తరిగి వెనక పళ్లతో నమలాలి, ముందు పళ్లతో కొరకడం ఎప్పుడూ వద్దు. కాల్చిన మొక్కజొన్న పొత్తును కొరకకుండా గింజలు ఒలుచుకోండి.

ఇక పిండివంటలు. బూరెలు, బొబ్బట్లు హాయిగా తినండి. అరిసెలు వండిన రోజూ, మర్నాడూ మెత్తగా ఉంటాయి. వారం తర్వాత డబ్బాలోంచి తీసినవి గట్టిపడతాయి, ఆవిరి మీద కాసేపు పెడితే మళ్లీ లొంగుతాయి. సకినాలు, జంతికలు, చేగోడీలు, పప్పు చెక్కలు క్లిప్పులకు శత్రువులు. పూర్తిగా మానమంటే ఎవరూ మానరు. పొడి చేసి పెరుగులోనో చారన్నంలోనో కలుపుకోండి, రుచి పోదు. పల్లీ పట్టీ, నువ్వుల చిక్కీ మాత్రం దేనిలో కలిపినా పనికిరావు. గట్టిదనం, జిగురు రెండూ ఉన్నాయి వాటిలో. మెత్తటి నువ్వుల ఉండ అయితే చిదిపి తినొచ్చు.

బంధువుల ఇంట్లో "ఒక్కటి తింటే ఏం కాదులే" అంటారు. ఊడిన బ్రాకెట్ మళ్లీ అతికించడానికి కొన్నిచోట్ల డబ్బు తీసుకుంటారు, చికిత్స కూడా వెనక్కి జరుగుతుంది. ఆ మాట నవ్వుతూ చెప్పి, బొబ్బట్టు అడగండి.

బెల్లం తిన్న తర్వాత వెంటనే నీళ్లతో గట్టిగా పుక్కిలించండి. రాత్రి బ్రష్ తప్పకూడదు.

8. టైట్ చేసిన మొదటి రెండు రోజులు

మొదట్లో చెప్పిన లోహం సంగతి ఇక్కడ పనికొస్తుంది. వేడి చారు నోట్లో పోసుకుంటే ఆ కాసేపు తీగ ఇంకా బిగువుగా లాగినట్టు అనిపించవచ్చు. చల్లటి నీళ్లు కాసేపు నోట్లో ఉంచుకుంటే పట్టు సడలినట్టు ఉంటుంది. చలిలో ఫ్రిజ్ నీళ్లు అక్కర్లేదు, కుండలో నీళ్లు చాలు. పళ్లు జివ్వుమనే గుణం ఉన్నవాళ్లు మాత్రం ఈ చిట్కా వదిలేసి, గోరువెచ్చని తిండికే కట్టుబడండి.

నొప్పికి పారాసిటమాల్ ఎంత వేయాలో డాక్టర్‌ను కుర్చీ దిగకముందే అడిగి రాసుకోండి, పిల్లలకు బరువును బట్టి మోతాదు ఉంటుంది. ఐబుప్రోఫెన్ లాంటివి రోజుల తరబడి సొంతంగా వాడొద్దు. పన్ను కదలడానికి అవసరమైన రసాయన చర్యను అవి తగ్గించే అవకాశం ఉందని ఆర్థోడాంటిస్టులు, అంటే పళ్ల వరస సరిచేసే డాక్టర్లు, సాధారణంగా వద్దంటారు.

9. ఊళ్లో ఉండగా ఏదైనా ఊడితే

ప్రయాణపు సంచిలో మైనం, చిన్న అద్దం, బుడ్డి బ్రష్, అదనపు రబ్బర్లు, శుభ్రమైన పట్టకారు, క్లినిక్ ఫోన్ నంబరు ఉండాలి. బ్రాకెట్ ఊడి తీగకు వేలాడుతుంటే లాగి పీకకండి. మైనం పెట్టి కదలకుండా చేసి, ఫోటో తీసి క్లినిక్‌కు పంపండి. పూర్తిగా చేతికొస్తే చిన్న డబ్బాలో దాచి తీసుకెళ్లండి. వెనకాల తీగ కొస గుచ్చుకుంటుంటే పెన్సిల్ వెనకున్న రబ్బరును శుభ్రంగా కడిగి దానితో నెమ్మదిగా లోపలికి వంచండి, వంగకపోతే మైనమే. కత్తెరలతో తీగ కోసే సాహసం వద్దు, తెగిన ముక్క గొంతులోకి జారే ప్రమాదం ఉంది. ఇవేవీ రాత్రికి రాత్రి బస్సెక్కాల్సిన సమస్యలు కావు. మొహం వాచినా, జ్వరం వచ్చినా, ఆగని రక్తం కారినా మాత్రం పండగని చూడకుండా దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లాలి.

అలైనర్లు, రిటైనర్లు వాడేవాళ్లకు

పళ్ల వరస సరిచేయడానికి తొడుక్కునే పారదర్శక ప్లాస్టిక్ తొడుగులు అలైనర్లు, చికిత్స అయ్యాక పళ్లు కదలకుండా పెట్టుకునేవి రిటైనర్లు. మీకు పై గొడవలు చాలావరకు లేవు, కానీ వేడి నీళ్ల గండం ఉంది. పొద్దున గీజర్ తిప్పి ఆ వేడి నీళ్లతోనే అలైనర్ కడిగితే ఆకారం మారిపోతుంది. రిటైనర్ కూడా అంతే. చేతికి చల్లగా ఉన్నా మామూలు కుళాయి నీళ్లతోనే కడగండి. అవి పెట్టుకుని టీ తాగకూడదు. చలికాలంలో టీలు ఎన్నవుతాయో మీకే తెలుసు, ఒక్కోదానికి తీసి, తాగి, పుక్కిలించి మళ్లీ పెట్టేసరికి ఇరవై నిమిషాలు. ఇలా నాలుగైతే అలైనర్ రోజుకు పెట్టుకోవాల్సిన 20 నుంచి 22 గంటల లెక్క తప్పుతుంది. టీని టిఫిన్‌తోనూ, సాయంత్రం పలహారంతోనూ కలిపేయండి.

చదువుకో ఉద్యోగానికో చలి దేశం వెళ్తుంటే

ఇక్కడ క్లిప్పులు వేయించుకుని మధ్యలో అమెరికా, కెనడా వెళ్లే పిల్లలు చాలామంది ఉన్నారు. అక్కడి మంచు కన్నా ఇళ్లలో తిరిగే హీటర్ గాలి ఎక్కువ ఇబ్బంది, ఒట్టి పొడిగాలి అది. గదిలో గాలికి తేమ ఇచ్చే చిన్న హ్యుమిడిఫైయర్ పెట్టుకోండి. వెళ్లే ముందు ఎక్స్‌రేలు, ఫోటోలు, చికిత్స ఎంతవరకు వచ్చిందో రాసిన లెటరు మీ డాక్టర్ దగ్గర తీసుకోండి. మధ్యలో ఉన్న చికిత్సను తీసుకునే ఆర్థోడాంటిస్ట్ అక్కడ ఉన్నారో లేదో టికెట్ కొనకముందే ఫోన్ చేసి కనుక్కోవాలి, ఫీజు కూడా. రెండు మూడు డబ్బాల మైనం, ఆరు నెలలకు సరిపడా రబ్బర్లు సూట్‌కేసులో కాకుండా చేతి సంచిలో పెట్టుకోండి.